రెయిన్‌బో వారియర్ పేల్చివేత: తరచుగా అడిగే ప్రశ్నలు

1985 జూలై 10 రాత్రి న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ రేవులో, అణు పరీక్షల్ని వ్యతిరేకించే పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ ఓడ రెయిన్‌బో వారియర్‌ను ఫ్రాన్స్ గూఢచారులు బాంబులు పెట్టి ముంచేశారు. ఏటా జూలై వచ్చిందంటే దాని మీద ఈ ప్రశ్నలు మళ్లీ మొదలవుతాయి. ఫ్రాన్స్ లాంటి దేశం నిజంగానే బాంబు పెట్టించిందా? ఆ ఓడలో ఆయుధాలేమైనా ఉన్నాయా? చంపాలని చెయ్యలేదట కదా? ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఎవరికి ఏ ప్రశ్న ఉంటే అక్కడి నుంచే చదువుకోవచ్చు. అందుకే ఒకటి రెండు సంగతులు మళ్లీ కనిపిస్తే విసుక్కోకండి.

## బాంబులకు ముందు

రెయిన్‌బో వారియర్ అంటే యుద్ధనౌకా? పేరు అలాగే ఉంది.

కాదు. 1955లో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో కట్టిన చేపల పరిశోధన ఓడ. బ్రిటిష్ వ్యవసాయ, మత్స్య శాఖ దగ్గర ‘సర్ విలియం హార్డీ’ పేరుతో చాలా ఏళ్లు పనిచేసింది. 1978లో గ్రీన్‌పీస్ సంస్థ దాన్ని బాగు చేయించి, ఆకుపచ్చ రంగు వేయించి, కొత్త పేరుతో సముద్రంలోకి దింపింది. పొడవు 40 మీటర్లు. 1985 మొదట్లో తెరచాపలు కూడా అమర్చారు. ఆయుధాలు దానిలో ఏనాడూ లేవు.

ఫ్రాన్స్ తన అణు పరీక్షలు తన దేశంలో చేసుకోకుండా పసిఫిక్‌లో ఎందుకు చేసింది?

పారిస్‌లో కూర్చున్న వాళ్లకు దూరం కాబట్టి. మొదట 1960 నుంచి 1966 వరకు అల్జీరియా సహారా ఎడారిలో 17 పరీక్షలు చేశారు. 1962లో అల్జీరియాకు స్వాతంత్ర్యం వచ్చాక ఇంకో చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. ఫ్రెంచ్ పాలినీషియాలోని మొరురోవా, ఫాంగటౌఫా అనే పగడపు దీవులు ఎంచుకున్నారు. 1966 నుంచి 1996 వరకు అక్కడ 193 పరీక్షలు జరిగాయి. 1974 వరకు గాలిలో, ఆ తర్వాత భూగర్భంలో. అక్కడి ప్రజల ఓటు అడిగి చేసినది ఒక్కటీ లేదు.

1974 తర్వాత భూమి లోపలే చేశారు కదా, ఇంకా ఎందుకు వ్యతిరేకించారు?

ఆ ‘భూమి’ ఎలాంటిదో తెలిస్తే ఈ సందేహం రాదు. పగడపు దీవి అంటే చల్లారిన అగ్నిపర్వతం నెత్తిన సున్నపురాయి పేరుకున్న సన్నటి వలయం. మధ్యలో ఉప్పుకయ్య, చుట్టూ మహాసముద్రం. దానికే బోర్లు వేసి బాంబులు దించారు. 1979 జూలై 25న మొరురోవాలో ఒక బాంబును 800 మీటర్ల లోతుకు దించాలనుకుంటే అది సగం దారిలో, 400 మీటర్ల దగ్గర ఇరుక్కుపోయింది. పైకి రాదు, కిందికి పోదు. ఉన్నచోటే పేల్చేశారు. దీవి అంచున నీటి కింద పెద్ద కొండచరియ విరిగిపడి, ఎగసిన అల అక్కడి సిబ్బందిని గాయపరిచింది. ‘లోపల చేస్తున్నాం కాబట్టి ప్రమాదం లేదు’ అన్న మాట జనం నమ్మకపోవడానికి ఈ ఒక్కటి చాలు.

ఓడ పేల్చడానికి ముందు నిరసనకారుల జోలికి ఫ్రాన్స్ రాలేదా?

వచ్చింది. 1972లో డేవిడ్ మెక్‌టాగర్ట్ అనే కెనడా వ్యక్తి ‘వేగా’ అనే తన చిన్న తెరచాప పడవలో మొరురోవా దగ్గరికి వెళితే, ఫ్రెంచ్ నౌక ఒకటి వచ్చి దాన్ని గుద్దింది. 1973లో మళ్లీ వెళ్లాడు. ఈసారి కమాండోలు పడవ ఎక్కి లాఠీలతో కొట్టారు. ఒక కంటికి తీవ్రమైన దెబ్బ తగిలింది. అతనే జారిపడ్డాడని ఫ్రెంచ్ అధికారులు చెప్పారు. అయితే పడవలో ఉన్న ఒక యువతి ఆ కొట్టడం మొత్తం ఫొటోలు తీసి, సైనికుల కళ్లుగప్పి ఫిల్ము దాచి బయటికి తెచ్చింది. ఆ ఫొటోలు పత్రికల్లో పడ్డాక ‘జారిపడ్డాడు’ అన్న కథ చెల్లలేదు.

అంత పెద్ద దేశానికి ఒక పాత ఓడంటే భయమెందుకు?

చిన్న పడవలకు ఉండే బలహీనత తిండి, నీళ్లు, ఇంధనం. కొన్ని వారాలకు అయిపోతాయి, వెనక్కి తిరగాల్సిందే. రెయిన్‌బో వారియర్ లాంటి ఓడ వెంట ఉంటే వాటికి సరఫరా అందుతుంది, వైద్యం అందుతుంది, రేడియోలో వార్తలు, ఫొటోలు బయటికి పోతాయి. నెలల తరబడి మొరురోవా ముందు కూర్చోవచ్చు. ఫ్రాన్స్‌కు ఇబ్బంది అక్కడ వచ్చింది. బాంబు పరీక్షలు ఎవరూ చూడకుండా జరగాలి, ఈ ఓడ వస్తే ప్రపంచం చూస్తుంది.

ఆక్లండ్ రాకముందు ఆ ఓడ ఏం చేస్తోంది?

దీని గురించి అడిగేవాళ్లు తక్కువ. నన్నడిగితే అసలు కథ ఇదే.

1954 మార్చి 1న అమెరికా మార్షల్ దీవుల్లోని బికినీ దగ్గర ‘బ్రావో’ అనే హైడ్రోజన్ బాంబు పేల్చింది. 15 మెగాటన్నులు. పక్కనున్న రొంగెలాప్ దీవి మీద తెల్లటి బూడిద రాలింది. అదేమిటో తెలియక పిల్లలు దానితో ఆడుకున్నారు. రెండు రోజులకు గానీ వాళ్లను అక్కడి నుంచి తరలించలేదు. 1957లో ‘ఇక భయం లేదు’ అని చెప్పి అదే దీవికి తిరిగి పంపారు. తర్వాత థైరాయిడ్ గడ్డలు, క్యాన్సర్లు, గర్భస్రావాలు. అమెరికా తరలించనంటే, ఆ దీవి ప్రతినిధి జెటన్ అంజాయిన్ గ్రీన్‌పీస్‌ను సాయం అడిగారు.

1985 మేలో రెయిన్‌బో వారియర్ వెళ్లి మూడు వందల మందికి పైగా మనుషుల్ని, విప్పిన ఇళ్ల కలప, రేకులతో సహా, సుమారు 180 కిలోమీటర్ల దూరంలోని మెజాటో దీవికి చేర్చింది. ముసలివాళ్లు, చంటిబిడ్డలు, కోళ్లు, పందులు, చాపలు. పుట్టిన గడ్డ విడిచిపోతున్న వాళ్లను ఓడలో ఉన్న ఫొటోగ్రాఫర్ ఒకరు ఫొటోలు తీశారు. ఆయన పేరు ఫెర్నాండో పెరీరా. రెండు నెలలు తిరక్కుండా ఆయన చనిపోయారు.

## ఆ రాత్రి

1985 జూలై 10న సరిగ్గా ఏం జరిగింది?

ఓడ జూలై 7న న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ చేరి మార్స్‌డెన్ వార్ఫ్ దగ్గర కట్టి ఉంది. ఇంకొన్నాళ్లలో చిన్న పడవల్ని వెంటేసుకుని మొరురోవా బయల్దేరాలి. ఆ సాయంత్రం ఉద్యమ సమన్వయకర్త స్టీవ్ సాయర్ 29వ పుట్టినరోజు. ఓడలో కేకు కోశారు. చాలామంది వెళ్లిపోయారు, కొందరు పడుకున్నారు, కొందరు భోజనాల గదిలో కబుర్లు చెప్పుకుంటున్నారు.

అర్ధరాత్రి కాబోతుండగా ఇంజన్ గది దగ్గర మొదటి బాంబు పేలింది. లైట్లు ఆరిపోయాయి. ఓడ పక్కన మనిషి నిలబడి దూరగలంత కన్నం. ఏ టగ్ బోటో గుద్దిందని మొదట అనుకున్నారు. కెప్టెన్ పీటర్ విల్‌కాక్స్ అందర్నీ దిగిపొమ్మన్నారు. కొద్ది నిమిషాలకే ప్రొపెల్లర్ వైపు రెండో బాంబు పేలింది. ఓడ ఒరిగి, రేవు గోడ పక్కనే కూలబడింది. పెరీరా లోపల ఉండిపోయారు. కెమెరాలు తెచ్చుకోవడానికి కిందికి దిగారని తోటివాళ్లు చెబుతారు. న్యూజిలాండ్ నౌకాదళ గజ ఈతగాళ్లు తెల్లవారేలోపే ఆయన మృతదేహాన్ని వెలికితీశారు.

చనిపోయిన ఫెర్నాండో పెరీరా ఎవరు?

పోర్చుగల్‌లో పుట్టారు. అక్కడి నియంతృత్వ సైన్యంలో చేరి ఆఫ్రికా వలస యుద్ధాలకు వెళ్లడం ఇష్టం లేక నెదర్లాండ్స్ వెళ్లిపోయారు. డచ్ పౌరసత్వం తీసుకుని ఆమ్‌స్టర్‌డామ్‌లో ఫొటోగ్రాఫర్‌గా స్థిరపడ్డారు. వయసు 35. ఒక కూతురు, ఒక కొడుకు, ఇద్దరూ చిన్నపిల్లలు. ఓడ పేరు తెలిసిన వాళ్లలో చాలామందికి ఈ పేరు తెలియదు. గుర్తుపెట్టుకోండి.

మొదటి బాంబు మనుషుల్ని దింపడానికే, చంపే ఉద్దేశం లేదని అంటారు. నిజమేనా?

ఆ పని చేసినవాళ్లు చెప్పే మాట అది. చంపడం వాళ్ల పథకంలో లేదన్నది నిజమే కావచ్చు. నేను దాన్ని సమర్థనగా మాత్రం ఒప్పుకోను. అర్ధరాత్రి, మనుషులు పడుకున్న ఓడకు నీటి అడుగున రెండు పేలుడు పదార్థాలు అమర్చి, ఒక్క హెచ్చరిక ఫోను కూడా చెయ్యలేదు. మొదటి పేలుడుకు బెదిరిన మనిషి బయటికి పరిగెత్తుతాడా, లోపల ఉన్న తోటివాణ్ణి వెతుకుతాడా, బతుకుతెరువైన కెమెరా కోసం వెళతాడా అన్నది బాంబు పెట్టేవాడి లెక్కకు అందదు. చీకట్లో నీళ్లు ముంచుకొస్తున్న ఓడలో కొద్ది నిమిషాలంటే ఎంతసేపని?

బాంబులు పెట్టింది ఎంతమంది?

ఫ్రాన్స్ విదేశీ గూఢచారి సంస్థ డి.జి.ఎస్.ఇ. పదిమందికి పైగా ఏజెంట్లను పంపింది. ‘ఊవెయా’ అనే తెరచాప పడవలో వచ్చిన బృందం పేలుడు సామగ్రి తెచ్చింది. స్విట్జర్లండ్ నుంచి హనీమూన్‌కు వచ్చిన ‘తురాంజ్’ దంపతులమని చెప్పుకున్న ఇద్దరు ఆక్లండ్‌లో ఏర్పాట్లు చూశారు. నీళ్లలోకి దిగి బాంబులు అమర్చింది వేరే ఈతగాళ్లు. ఆ దంపతుల అసలు పేర్లు అలాఁ మఫార్, డొమినిక్ ప్రియూర్. ఇద్దరూ ఫ్రెంచ్ సైన్యాధికారులు, భార్యాభర్తలు కారు.

గ్రీన్‌పీస్ లోపల కూడా గూఢచారి ఉందంటారు. ఎవరామె?

క్రిస్టిన్ కబాన్. 1985 ఏప్రిల్‌లో వేరే పేరుతో, పర్యావరణం మీద ప్రేమ ఉన్న ఫ్రెంచ్ యువతిగా ఆక్లండ్ కార్యాలయానికి వచ్చింది. కవర్లు అంటించింది, ఉత్తరాలు అనువదించింది, ఆఫీసు వాళ్ల ఇళ్లలో ఉంది, వాళ్లతో కలిసి తిన్నది. ఓడ ఎప్పుడొస్తుంది, ఎక్కడ ఆగుతుంది అన్న వివరాలన్నీ రాసి పంపింది. మే నెలలోనే వెళ్లిపోయింది. పోలీసులు ఆమె జాడ కనిపెట్టేసరికి ఇజ్రాయెల్‌లో పురావస్తు తవ్వకాల్లో ఉంది. అరెస్టుకు ముందే అక్కడి నుంచీ మాయమైంది. బాంబు కన్నా ఈ మోసమే కొందరు ఉద్యమకారుల్ని ఎక్కువ కాలం బాధించింది. తలుపు తీసి అన్నం పెట్టిన చేతుల్నే ఆమె మోసం చేసింది.

## దర్యాప్తు

ఇంత పెద్ద గూఢచారి సంస్థ ఎలా దొరికిపోయింది?

పడవల దొంగతనాల వల్ల. ఆక్లండ్ తీరంలో ఒక పడవల క్లబ్బు వాళ్ల సామాన్లు తరచూ పోతుండటంతో సభ్యులు రాత్రిపూట వంతులవారీగా కాపలా కాస్తున్నారు. ఆ రాత్రి ఒక మనిషి గాలి నింపిన రబ్బరు పడవలో వచ్చి, క్యాంపర్ వ్యాన్‌లో వచ్చిన వాళ్లను కలవడం చూశారు. దొంగలేమో అని వ్యాన్ నంబరు రాసుకున్నారు. పేలుడు వార్త విన్నాక ఆ నంబరు పోలీసులకిచ్చారు.

అది అద్దె వ్యాన్. జూలై 12 ఉదయం ‘తురాంజ్’ దంపతులు వ్యాన్ ముందుగానే తిరిగి ఇచ్చేసి, మిగిలిన రోజుల డబ్బు వెనక్కి అడిగారు. పోలీసులు ముందే చెప్పి ఉంచడంతో కౌంటర్లోని అమ్మాయి కాగితాల పని పేరుతో వాళ్లను కూర్చోబెట్టింది. పోలీసులు వచ్చేశారు. పాస్‌పోర్టులు దొంగవని స్విట్జర్లండ్ తేల్చి చెప్పింది. ఆ ఇద్దరూ పారిస్‌కు ఫోన్ చేసిన నంబరు ఫ్రెంచ్ రక్షణ శాఖదని బయటపడింది.

‘ఊవెయా’ పడవ వాళ్లను ఎందుకు పట్టుకోలేదు?

పట్టుకున్నారు, ఉంచలేకపోయారు. పేలుడుకు ముందే ఆ పడవ న్యూజిలాండ్ వదిలి, ఆ తర్వాత ఆస్ట్రేలియాకు చెందిన నార్‌ఫోక్ దీవి చేరింది. న్యూజిలాండ్ పోలీసులు వెళ్లి ప్రశ్నించారు, పడవలోంచి నమూనాలు తీసుకున్నారు. ఫలితాలు వచ్చేదాకా నిర్బంధించడానికి అక్కడి చట్టం ఒప్పుకోలేదు. వదిలేశారు. నమూనాల్లో పేలుడు పదార్థం ఆనవాళ్లు తేలేసరికి పడవ నడిసముద్రంలో అదృశ్యమైంది. దాన్ని ముంచేసి, మనుషుల్ని ఫ్రెంచ్ జలాంతర్గామి ఎక్కించుకుపోయింది.

ఫ్రాన్స్ ఎప్పుడు ఒప్పుకుంది?

రెండు నెలలకు పైగా బుకాయించింది. 1985 ఆగస్టు 26న ప్రభుత్వం నియమించిన బెర్నార్ త్రికో నివేదిక, ఏజెంట్లు నిఘా కోసమే వెళ్లారని, పేలుడుతో సంబంధం లేదని చెప్పింది. సెప్టెంబరు మధ్యలో ‘ల మోంద్’ పత్రిక బాంబులు పెట్టిన ఇంకో బృందం ఉందని బయటపెట్టింది. సెప్టెంబరు 20న రక్షణ మంత్రి షార్ల్ ఎర్ను రాజీనామా చేశారు. డి.జి.ఎస్.ఇ. అధిపతి అడ్మిరల్ పియెర్ లకోస్ట్‌ను తప్పించారు. 22న ప్రధాని లోరాఁ ఫాబియుస్ విలేకరుల ముందు, ఓడను ముంచింది తమ ఏజెంట్లేనని, పై ఉత్తర్వుల మేరకే చేశారని ఒప్పుకున్నారు.

అధ్యక్షుడు మిత్తెరాఁకు ముందే తెలుసా?

తెలుసు. 1986లో లకోస్ట్ రాసిన నివేదికను ‘ల మోంద్’ 2005 జూలైలో ప్రచురించింది. గ్రీన్‌పీస్‌ను అడ్డుకునే చర్యకు 1985 మే నెలలో తాను అధ్యక్షుడి అనుమతి తీసుకున్నానని అందులో ఉంది. అప్పటికి మిత్తెరాఁ చనిపోయి తొమ్మిదేళ్లు దాటింది.

## కోర్టు, బేరం

హత్య కేసు పెట్టి, చివరికి నరహత్యగా (చంపే ఉద్దేశం లేకుండా ప్రాణం తీసిన నేరంగా) ఎందుకు తగ్గించారు?

మఫార్, ప్రియూర్‌ల మీద మొదట మోపింది హత్యానేరమే. అయితే స్వయంగా బాంబు పెట్టింది వాళ్లని రుజువు చెయ్యడం కష్టం. 1985 నవంబరు 4న వాళ్లు నరహత్య, ఉద్దేశపూర్వక విధ్వంసం నేరాలు ఒప్పుకున్నారు. సాక్షుల విచారణ లేకుండానే ముగిసింది. నవంబరు 22న నరహత్యకు పదేళ్లు, విధ్వంసానికి ఏడేళ్లు, రెండూ ఏకకాలంలో అనుభవించాలని శిక్ష వేశారు. విచారణ జరిగి ఉంటే ఎవరు ఎవరికి ఉత్తర్వులిచ్చారో బోనులో అడిగేవారు. ఆ అవకాశం పోయింది.

పదేళ్ల శిక్షలో ఎన్నేళ్లు అనుభవించారు?

శిక్ష పడ్డాక న్యూజిలాండ్ జైల్లో ఏడాది కూడా నిండలేదు. 1986 జూలైలో ఫ్రెంచ్ పాలినీషియాలోని హావో అనే సైనిక దీవికి పంపారు. అక్కడ మూడేళ్లు ఉండాలన్నది ఒప్పందం. 1987 డిసెంబరులో కడుపునొప్పి వైద్యమని మఫార్‌ను పారిస్ తీసుకెళ్లారు, తిరిగి పంపలేదు. 1988 మేలో గర్భవతి అని ప్రియూర్‌నూ తీసుకెళ్లిపోయారు. ఇద్దరికీ తర్వాత సైన్యంలో పదోన్నతులు వచ్చాయి. 1990లో అంతర్జాతీయ మధ్యవర్తుల మండలి ఫ్రాన్స్ ఒప్పందం ఉల్లంఘించిందని తేల్చింది. అప్పటికి వాళ్లను వెనక్కి పంపే గడువు దాటిపోయిందంది.

ఈ కేసులో వెన్న ప్రస్తావన ఎందుకొస్తుంది?

అప్పట్లో న్యూజిలాండ్ బతికేది వెన్న, గొర్రె మాంసం ఎగుమతుల మీద. వాటికి పెద్ద గిరాకీ బ్రిటన్‌లో. బ్రిటన్ అప్పుడు యూరప్ ఆర్థిక కూటమిలో ఉండేది. ఆ కూటమిలో ఫ్రాన్స్ మాట చెల్లేది. 1986 మొదట్లో ఫ్రాన్స్ న్యూజిలాండ్ గొర్రె మెదళ్ల దిగుమతులు ఆపడం మొదలుపెట్టింది. సంగతి న్యూజిలాండ్‌కు అర్థమైంది. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి పెరెజ్ దె క్వెయార్ మధ్యవర్తిత్వం చేశారు. ఫ్రాన్స్ క్షమాపణ చెప్పి 70 లక్షల డాలర్లు కట్టాలి, న్యూజిలాండ్ వెన్నకు అడ్డుపడకూడదు, బదులుగా ఆ ఇద్దరినీ హావోకు పంపాలి. ఒక మనిషి ప్రాణం కేసు పాడి లెక్కల్లో కలిసిపోయింది. ‘ఖైదీలు అమ్మకానికి లేరు’ అని చెప్పిన ప్రధాని డేవిడ్ లాంగీ ప్రభుత్వమే చివరికి దీనికి తలొగ్గింది. చిన్న దేశం, రైతుల కడుపు. అర్థం చేసుకోగలను, అయినా మింగుడుపడదు.

గ్రీన్‌పీస్‌కు, పెరీరా కుటుంబానికి ఏమైనా ఇచ్చారా?

ఇచ్చారు. గ్రీన్‌పీస్‌కు ఫ్రాన్స్ 81 లక్షల డాలర్లు చెల్లించాలని 1987లో మధ్యవర్తులు తీర్పు చెప్పారు. పెరీరా కుటుంబానికి విడిగా పరిహారం అందింది.

అమెరికా, బ్రిటన్ ఏమన్నాయి?

ఫ్రాన్స్‌ను తప్పుపట్టలేదు. ఉగ్రవాదం మీద రోజూ ఉపన్యాసాలిచ్చే రోజులవి. న్యూజిలాండ్ ప్రజలు ఆ మౌనాన్ని మరిచిపోలేదు.

## ఆ తర్వాత

ఓడ మునిగాక మొరురోవా యాత్ర ఆగిపోయిందా?

లేదు. గ్రీన్‌పీస్ ఇంకో ఓడను పంపింది, చిన్న పడవలూ వెళ్లాయి. ఒకప్పుడు మెక్‌టాగర్ట్ నడిపిన పాత ‘వేగా’ కూడా వెళ్లింది. అక్టోబరులో దాన్ని ఫ్రెంచ్ నౌకాదళం పట్టుకుంది.

పేలుడు వల్లనే న్యూజిలాండ్ అణురహిత దేశమైందా?

పూర్తిగా అలా కాదు. అణు నౌకల్ని రానివ్వబోమన్న లేబర్ పార్టీ 1984లోనే గెలిచింది. 1985 ఫిబ్రవరిలోనే అమెరికా నౌక బుకానన్‌ను వద్దన్నారు. పేలుడు చేసిందేమిటంటే, అప్పటిదాకా ఊగిసలాడుతున్న వాళ్లను కూడా అటువైపు నిలబెట్టింది. 1987లో అది చట్టమైంది, ఈనాటికీ అమల్లో ఉంది.

ఫ్రాన్స్ పరీక్షలు ఎప్పుడు ఆపింది?

1992లో మిత్తెరాఁ తాత్కాలికంగా ఆపారు. 1995లో షిరాక్ అధ్యక్షుడయ్యాక మళ్లీ మొదలుపెట్టారు. ఆ జూలైలో మొరురోవా దగ్గరికి వెళ్లిన రెండో రెయిన్‌బో వారియర్‌ను (గ్రీన్‌పీస్ అదే పేరు పెట్టిన ఇంకో ఓడ) ఫ్రెంచ్ కమాండోలు బాష్పవాయువు ప్రయోగించి స్వాధీనం చేసుకున్నారు. సెప్టెంబరులో ఫ్రెంచ్ పాలినీషియా రాజధాని, తాహితీ దీవిలోని పపీటెలో అల్లర్లు చెలరేగి విమానాశ్రయం తగలబడింది. ఆరు పరీక్షల తర్వాత, 1996 జనవరి 27 నాటి దానితో ముగించారు.

పాలినీషియా ప్రజల ఆరోగ్యం సంగతి ఎవరైనా పట్టించుకున్నారా?

చాలా ఆలస్యంగా. 1974 జూలై 17న ‘సాంతోర్’ అనే పరీక్ష మేఘం దారి తప్పి తాహితీ మీదికి వచ్చింది. ఫ్రాన్స్ పరిహార చట్టం చేసింది 2010లో. మొదటి ఏళ్లలో వచ్చిన దరఖాస్తులు దాదాపు అన్నీ తిరస్కరించారు. ఆ ఒక్క పరీక్షతోనే సుమారు 1,10,000 మందికి పరిహారానికి అర్హమైనంత రేడియేషన్ సోకి ఉంటుందని 2021లో స్వతంత్ర పరిశోధకులు అంచనా వేశారు. అదే ఏడాది తాహితీ వెళ్లిన అధ్యక్షుడు మాక్రాన్ ఫ్రాన్స్ వాళ్లకు రుణపడి ఉందన్నారు. క్షమాపణ మాత్రం చెప్పలేదు.

బాంబు పెట్టినవాళ్లలో ఒక్కరైనా క్షమాపణ చెప్పారా?

ఒకరు చెప్పారు. జాఁ-లుక్ కిస్తెర్ అనే ఈతగాడు 2015లో, ముప్ఫై ఏళ్ల తర్వాత, కెమెరా ముందుకొచ్చి పెరీరా కుటుంబాన్ని, గ్రీన్‌పీస్‌ను, న్యూజిలాండ్ ప్రజల్ని క్షమించమని అడిగారు. ఉత్తర్వులిచ్చిన వాళ్లెవరూ ఏ కోర్టులోనూ నిలబడలేదు.

ఆ ఓడ ఇప్పుడు ఎక్కడుంది?

పైకి తేల్చి చూస్తే బాగుచెయ్యడం కుదరదని తేలింది. 1987 డిసెంబరు 12న న్యూజిలాండ్ ఉత్తర కొసన మటౌరి బే దగ్గర, కవల్లి దీవుల నడుమ, అక్కడి మూలవాసులైన మావోరీల సంప్రదాయం ప్రకారం సాగనంపి సముద్రంలో దించారు. దాని ప్రొపెల్లర్‌ను ఒడ్డున కొండ మీద స్మారకంలో నిలబెట్టారు. ఓడ చుట్టూ ఇప్పుడు పగడపు జీవులు, చేపల గుంపులు. చేపల పరిశోధనకు కట్టిన ఓడ అది.